మంచం దగ్గరికి మాక్‌బెత్

జబ్బు చేసి బడికి వెళ్లలేని పిల్లలకు చదువు ఏర్పాటు చేయడం ఇంగ్లండులో స్థానిక ప్రభుత్వాల బాధ్యత. 1996 నాటి విద్యా చట్టంలోని 19వ సెక్షన్ ఆ మాట చెబుతోంది. ఎన్ని రోజులు బడి మానితే ఆ బాధ్యత మొదలవుతుందన్న ప్రశ్నకు ప్రభుత్వ మార్గదర్శకాలు 15 రోజులని జవాబిచ్చాయి. అవి వరసగా మానిన రోజులైనా సరే, అప్పుడొకటి అప్పుడొకటి కలిపి లెక్కకట్టినవైనా సరే. అందుకే అక్కడి పెద్ద పిల్లల ఆస్పత్రుల్లో వార్డులతోపాటు బడులు కూడా ఉన్నాయి. నడవగలిగిన పిల్లలు తరగతి గదికి వస్తారు, లేవలేని పిల్లల మంచం దగ్గరికి టీచరే వెళ్తుంది. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. చికిత్సల మధ్య గంటో రెండు గంటలో దొరికే ఆ కాస్త వ్యవధిలో ఏం చెప్పాలన్న దగ్గర అభిప్రాయాలు వేరవుతాయి. మన పదో తరగతి పబ్లిక్ పరీక్షతో పోల్చదగిన జీసీఎస్‌ఈలో ఆంగ్ల భాష, గణితం తప్పించుకోలేనివి. వాటిలో నాలుగో గ్రేడు రాని విద్యార్థి పదహారేళ్లు దాటాక కూడా వాటిని చదువుతూనే ఉండాలి. ఆంగ్ల సాహిత్యానికి ఆ నిర్బంధం లేదు. కాబట్టి సమయం చాలనప్పుడు మొదట పక్కకు జరిపేది సాహిత్యాన్నే అన్న ఆలోచన చాలామందికి సహజంగా తోస్తుంది. నేను దీనికి పూర్తిగా ఎదురు వాదిస్తాను. ఆస్పత్రి బడిలో ఏదైనా తగ్గించక తప్పకపోతే చిట్టచివర తగ్గించాల్సింది సాహిత్యాన్ని.

కారణం కోసం వార్డులో పిల్లవాడి రోజు ఎలా గడుస్తుందో చూడాలి. పొద్దున్నే జ్వరం చూస్తారు, రక్తం తీస్తారు. రాత్రి నిద్ర పట్టిందా, అన్నం తిన్నావా, వాంతి అయిందా, నొప్పి ఒకటి నుంచి పదిలో ఎంత ఉంది అని అడుగుతారు. అన్నీ మంచి ప్రశ్నలే, అడగవలసినవే. కానీ ఆ ప్రశ్నలన్నీ వాడి ఒంటి గురించే. పద్నాలుగేళ్ల పిల్లకు ఏ విషయం మీదైనా ఒక అభిప్రాయం ఉంటుందని, అది వినదగినదని గుర్తుచేసే ప్రశ్న రోజంతా ఒక్కటీ ఎదురుకాకపోవచ్చు. సాహిత్యం టీచరు అడిగేది అలాంటి ప్రశ్నే. షేక్స్‌పియర్ నాటకంలో డంకన్ రాజును చంపాలన్న నిర్ణయం మాక్‌బెత్‌దా, వాడి భార్యదా? దానికి రక్త పరీక్ష జవాబు చెప్పదు, అమ్మానాన్నలు పిల్ల తరఫున చెప్పలేరు. పిల్లే చెప్పాలి, పిల్ల చెప్పినదాన్ని టీచరు ఒప్పుకోకపోవచ్చు కూడా. జబ్బు మనిషితో వాదానికి దిగడం ఎవరికీ ఇష్టం ఉండదు కనుక, తన మాటను కాదనే మనిషి ఒకరు ఎదురుపడటం ఆ పిల్లకు ఎంతో గౌరవం. ఇంకో సంగతి కూడా ఉంది. సూదిని పిల్ల వద్దనలేదు, మందును వద్దనలేదు, స్కానింగును వద్దనలేదు. ఆస్పత్రి మొత్తంలో ఈ రోజు వద్దు అని చెప్పి పంపించగలిగిన పెద్దమనిషి దాదాపు టీచరు ఒక్కతే. ఆ వద్దనే హక్కును టీచరు మన్నిస్తేనే మర్నాడు సరేననడానికి విలువ వస్తుంది.

గణితం కూడా పిల్లను ఆలోచించమంటుంది కదా అనవచ్చు. నిజమే, దాన్ని తీసేయమని నేను అనడం లేదు. అయితే గణితంలో ఒక మెట్టు ఎక్కాలంటే కింది మెట్టు గట్టిగా ఉండాలి. భిన్నాలు చెప్పిన వారం జ్వరంతో పోతే బీజగణితం కుంటుపడుతుంది. సాహిత్యంలో ఒక పద్యం ఈ పూటే మొదలై ఈ పూటే పూర్తవుతుంది. నాటకంలో ఒక రంగం అరగంటలో చదివి, మాట్లాడుకుని, మనసుకు పట్టించుకోవచ్చు. రేపు ఈ పిల్ల ఇదే మంచం మీద ఉంటుందో, ఇంటికి వెళ్తుందో, ఐసొలేషన్ గదిలోకి మారుతుందో టీచరుకు తెలియదు. అలాంటి చోట ప్రతి పాఠం తనంతట తాను నిండుగా ఉండగలిగిన విషయం ఏదైనా ఉంటే అది సాహిత్యమే. దీనికి శరీరం వైపు నుంచి కూడా ఆధారం ఉంది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రక్త క్యాన్సర్‌కు వాడే మందుల్లో విన్‌క్రిస్టీన్ ఒకటి. అది నరాల మీద ప్రభావం చూపి వేళ్లు మొద్దుబారేలా చేయవచ్చు, కలం పట్టుకోవడమే కష్టమవుతుంది. స్టెరాయిడ్లు మనసును కుదురుగా ఉండనివ్వవు. తలకు రేడియేషన్ తీసుకున్న పిల్లల్లో ఆలోచన వేగం తగ్గవచ్చు. నోట్సు రాయడం, వరుసగా లెక్కలు చేయడం భారమైన రోజున కూడా వినడం, మాట్లాడటం మిగిలే ఉంటాయి. సాహిత్యం మొదటినుంచీ చెవికీ నోటికీ చెందిన విద్య. షేక్స్‌పియర్ నాటకాలు ఆయన కాలంలో జనం ప్రధానంగా విన్నవి, పుస్తకాలు పట్టుకుని చదివింది తక్కువ.

జబ్బుగా ఉన్న పిల్లను చదువుతో వేధించడం ఎందుకు, విశ్రాంతిగా ఉండనివ్వరాదా అని అడిగేవాళ్లున్నారు. ఈ మాట ప్రేమలోంచి వచ్చింది కనుక తేలిగ్గా తోసేయలేం. మత్తు దిగని పిల్లకు, నొప్పితో మెలికలు తిరిగే పిల్లకు పాఠం చెప్పమని ఎవరూ అనరు. కానీ ఆస్పత్రిలో ఎక్కువ సమయం నొప్పిలో గడవదు, ఎదురుచూపులో గడుస్తుంది. సెలైన్ సీసా అయిపోవడానికి, రిపోర్టు రావడానికి, డాక్టరు రౌండుకు రావడానికి పిల్ల ఎదురుచూస్తూ ఉంటుంది. డయాలసిస్ మీద ఉన్న పిల్ల వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలదాకా కదలకుండా ఉండాలి. ఆ గంటల్ని ఇప్పుడు ఫోను నింపుతోంది. ఫోను చూడటాన్ని విశ్రాంతి అని, కథ వినడాన్ని శ్రమ అని అనుకోవడానికి నాకు ఏ ఆధారమూ కనబడదు. పైగా పాఠం చెప్పడానికి మనిషి రావడంలోనే ఒక కబురు ఉంది. నువ్వు కోలుకుని తిరిగి బడికి వెళ్తావని మేమంతా అనుకుంటున్నాం అని ఆ రాక చెబుతుంది. పాఠం ఆపేస్తే పిల్లకు అందే కబురు వేరు. పిల్లలు ఇలాంటివి పెద్దవాళ్లకంటే ముందే పసిగడతారు.

ఇక ఏ పుస్తకాలు చెప్పాలన్న ప్రశ్న. ఇక్కడే విషయం చిక్కబడుతుంది, ఇక్కడే నాకు ఎక్కువ ఆసక్తి కూడా. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రి 1852లో పది పడకలతో తెరుచుకుంది. దాని తొలి నేస్తాల్లో చార్లెస్ డికెన్స్ ఒకడు. ఆ ఏడాదే తన పత్రికలో దాని గురించి వ్యాసం వేశాడు. 1858లో దాని కోసం నిధులు కూడబెట్టడానికి సభలో తన క్రిస్మస్ కెరోల్‌ను చదివి వినిపించాడు. ఆ పుస్తకం ఇవాళ జీసీఎస్‌ఈ పిల్లలు పందొమ్మిదో శతాబ్దపు రచనగా చదివేవాటిలో బాగా వాడుకలో ఉంది. అందులో టైనీ టిమ్ ఉన్నాడు. చంకకర్ర మీద నడిచే చిన్నవాడు. స్క్రూజ్ అనే పిసినారి మనసు మారకపోతే వాడు చనిపోతాడు, మారితే బతుకుతాడు. చంకకర్రలు మంచానికి ఆనించిపెట్టుకున్న పిల్లకు దీన్ని ఎలా చెప్పాలి? టైనీ టిమ్ వచ్చే పేజీలు దాటవేయడం ఒక దారి. నిన్ను ఓదార్చడానికే ఈ కథ అన్నట్టు చెప్పడం మరొకటి. రెండూ తప్పుదారులే. పిల్లను విమర్శకురాలిగా కూర్చోబెట్టి అడగాలి. ఈ పిల్లవాడికి డికెన్స్ ఎన్ని మాటలు ఇచ్చాడు? వాడికేం కావాలో ఎప్పుడైనా అడిగాడా? వాడి జబ్బు పేరేమిటో ఎందుకు చెప్పలేదు? పెద్దమనిషి మనసు కరిగించడానికి తప్ప ఆ పిల్లవాడికి కథలో వేరే పని ఉందా? ఆ జబ్బు మూత్రపిండాలదా, ఎముకలదా అని డాక్టర్లే వైద్య పత్రికల్లో వ్యాసాలు రాసుకున్నారు. మూత్రపిండాల వార్డులోని పిల్ల ఆ చర్చలో చేరితే ఏమీ తక్కువ తినదు. డికెన్స్‌ను ఇలా నిలదీయడం ఆయనకు అగౌరవం కాదు. జీసీఎస్‌ఈ పరీక్ష అడిగే నైపుణ్యం కూడా ఇదే. ఆ నైపుణ్యంలో ఈ పిల్లలు ఆరోగ్యవంతులైన తోటివారికంటే నాలుగడుగులు ముందున్నారు.

ఫ్రాన్సిస్ హాడ్జ్‌సన్ బర్నెట్ 1911లో రాసిన సీక్రెట్ గార్డెన్ మరో మంచి పరీక్ష. అందులో కాలిన్ అనే పిల్లవాడు తనకు గూని వస్తుందని, చచ్చిపోతానని నమ్మి గదిలోంచి బయటికి రాడు. నిజానికి వాడికి జబ్బేమీ లేదు. తోటలోకి వస్తాడు, గాలి పీలుస్తాడు, గట్టిగా సంకల్పిస్తాడు, నడుస్తాడు. తరాలుగా పెద్దలు మెచ్చుకుంటూ పిల్లల చేతికిచ్చిన కథ ఇది. గుండె కవాటం సరిగా లేని పిల్ల దీన్ని చదివి ఏమంటుంది? సంకల్పంతో జబ్బు పోతుందంటే, పోని జబ్బున్నవాళ్లకు సంకల్పం చాలలేదని అర్థమా? సాహిత్య విమర్శలో ఇది చాలా పెద్ద ప్రశ్న. 1978లో సుసాన్ సాంటాగ్ ఇల్‌నెస్ యాజ్ మెటఫర్ అనే పుస్తకం రాసి, జబ్బుకు రోగి స్వభావమే కారణమన్నట్టు చూపే ఊహలు రోగులకు ఎంత హాని చేస్తాయో వాదించింది. ఆ వాదాన్ని విశ్వవిద్యాలయాల్లో పుస్తకాల నుంచి నేర్చుకుంటారు. ఆస్పత్రి బడిలో పిల్ల దాన్ని తన అనుభవంలోంచి తానే కనుక్కోగలదు, టీచరు ఆ కథను చేతికిచ్చి దారి విడిస్తే చాలు.

సాహిత్యంలో జబ్బు మనుషులంతా టైనీ టిమ్‌లే అయితే నా వాదం బలహీనపడేది. కాదు కనుకనే ఈ పాఠానికి ఇంత అవకాశం ఉంది. విలియం ఎర్నెస్ట్ హెన్లీ అనే కవికి చిన్నప్పుడే ఎముకల క్షయ వచ్చింది. ఒక కాలు మోకాలి కింద తీసేశారు. రెండోది కూడా తీయాలన్నప్పుడు 1873లో ఎడిన్‌బరో వెళ్లి జోసెఫ్ లిస్టర్ చేతిలో పడ్డాడు. శస్త్రచికిత్సలో క్రిములను చంపే పద్ధతిని తెచ్చిన లిస్టరే. కాలు నిలిచింది, కాని హెన్లీ అక్కడ ఏడాదిన్నర పైగా మంచం మీదే గడిపాడు. ఆ రోజుల్లో రాసిన ఇన్‌విక్టస్ పద్యం ఇప్పుడు గోడలమీద పోస్టర్లుగా వేలాడుతోంది. అదే మంచం మీద మొదలైన ఇన్ హాస్పిటల్ అనే కవితల వరుస మాత్రం ఎవరికీ పెద్దగా తెలియదు. ఆస్పత్రి బడిలో చెప్పాల్సింది ఆ రెండోది. అందులో వెయిటింగ్ గది ఉంది, ఆపరేషన్‌కు ముందు క్షణాలున్నాయి, నర్సులున్నారు, పక్క మంచాల మనుషులున్నారు, చివరికి డిశ్చార్జి కూడా ఉంది. వీరత్వం గురించి ఒక పోస్టరు చెప్పే మాటకంటే వార్డులో మధ్యాహ్నం ఎంత మెల్లగా సాగుతుందో చెప్పే కవిత ఆ పిల్లకు ఎక్కువ తోడు. ఆ ఆస్పత్రిలోనే 1875లో హెన్లీని చూడటానికి రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ వచ్చాడు. స్టీవెన్‌సన్ బాల్యంలో చాలాకాలం దగ్గుతో మంచానికే అంటుకుపోయినవాడు, దుప్పటి మీద బొమ్మ సిపాయిలను నడిపించుకునే జబ్బు పిల్లవాడి మీద పద్యం రాసినవాడు. ట్రెజర్ ఐలాండ్‌లో ఒంటికాలి లాంగ్ జాన్ సిల్వర్‌ను సృష్టించడానికి హెన్లీయే ప్రేరణ అని ఆయనే ఒప్పుకున్నాడు. సిల్వర్ మీద ఎవరికీ జాలి కలగదు. వాడు తెలివైనవాడు, ప్రమాదకరమైనవాడు, కథలో అందరికంటే బలవంతుడు. టైనీ టిమ్ పక్కన సిల్వర్‌ను నిలబెట్టి చూపిస్తే ఒక కాలు లేని మనిషిని సాహిత్యం ఎన్ని రకాలుగా ఊహించగలదో పిల్లకు ఒక్క గంటలో అర్థమవుతుంది. ఈ కథకు ఇంకో కొస కూడా ఉంది. హెన్లీ కూతురు మార్గరెట్ ఐదేళ్లకే 1894లో చనిపోయింది. ఆ పిల్ల ముద్దుమాటలోంచి జె.ఎం. బ్యారీ తన పీటర్ పాన్‌లో వెండీ అనే పేరు తీసుకున్నాడు. ఆ పీటర్ పాన్ హక్కులనే ఆయన 1929లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆస్పత్రికి రాసిచ్చేశాడు. కాపీరైటు గడువు తీరాక కూడా బ్రిటన్‌లో ఆ రాబడి ఆస్పత్రికే చెందేలా 1988లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసింది. ఆ దేశంలో సాహిత్యం ఆస్పత్రికి బయటినుంచి వచ్చిన చుట్టం కాదు.

వర్జీనియా వుల్ఫ్ 1926లో ఆన్ బీయింగ్ ఇల్ అనే వ్యాసం రాసింది. ప్రేమ, యుద్ధం, అసూయల్లాగా జబ్బు సాహిత్యానికి ప్రధాన వస్తువు ఎందుకు కాలేదని అందులో ఆశ్చర్యపడింది. నా వాదానికి అంతకంటే పనికొచ్చే మాట ఒకటి ఆ వ్యాసంలో ఉంది. మంచం పట్టిన మనిషికి పొడవైన వచనం వెంట నడిచే ఓపిక ఉండదని, కవిత్వం వైపు మనసు పోతుందని, మాటల అర్థం కంటే వాటి చప్పుడు, వాటి వింత ముందుగా తగులుతాయని ఆమె గమనించింది. జీవితమంతా జబ్బుతో వేగిన మనిషి చెప్పిన మాట కనుక దీన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చు. జబ్బు చదివే శక్తిని తగ్గిస్తుందని మాత్రమే మనం అనుకుంటాం. అది చదివే తీరును మారుస్తుందని కూడా గుర్తించాలి. టీచరు పాఠ్యప్రణాళికలోని నవలతో మొదలుపెట్టి పద్యాల దాకా వెళ్లలేకపోవడం కంటే, పద్యాలతో మొదలుపెట్టి ఓపికను బట్టి నవల వైపు నడిపించడం మేలు.

ఇంతకీ ఇది పాఠమా, చికిత్సా? సాహిత్యం మనసుకు మందు అనే వాదన ఇప్పుడు బాగా వినబడుతోంది. ఆస్పత్రి బడిలో సాహిత్యాన్ని నిలబెట్టడానికి అదే సులువైన దారి అని కొందరు మిత్రులు అనుకోవచ్చు. నాకు మాత్రం ఆ దారి ఇష్టం లేదు. పిల్ల ఒక కవితలో చీకటి గురించి మాట్లాడగానే ఆమె మనసులోని చీకటిని వెతకడం మొదలుపెడితే, టీచరు కూడా పరీక్షలు చేసే మరో మనిషైపోతుంది. ఆ ఒక్క గంట కూడా ఒంటి గురించిన, మనసు గురించిన విచారణలోకి జారిపోతుంది. పాఠం వల్ల ఊరట కలిగితే మంచిదే, దాన్ని లక్ష్యంగా పెట్టుకోకూడదు. కేథరిన్ స్టార్ స్వయంగా వైద్యురాలు, 1958లో మేరియన్ డ్రీమ్స్ అనే పిల్లల నవల రాసింది. జబ్బుతో వారాల తరబడి మంచం మీదున్న అమ్మాయికి పాఠాలు చెప్పడానికి ఒక టీచరు ఇంటికి వస్తుంది. ఆ టీచరే పోలియోతో పోరాడుతున్న ఒక అబ్బాయికి కూడా పాఠాలు చెబుతుంటుంది. నిజజీవితంలో ఎన్నడూ కలవని ఆ ఇద్దరు పిల్లల మధ్య ఉన్న దారం ఆ టీచరే. ఆమె వాళ్లకు మందు ఇవ్వదు, సలహా ఇవ్వదు. పాఠం చెబుతుంది, ఒకరి కబురు ఇంకొకరికి చేరుస్తుంది. టీచరు పని అంతే, అంతకు తక్కువ కూడా కాదు.

నా వాదానికి నిజంగా గట్టి అభ్యంతరం ఒకటుంది. ఇంగ్లండులో ఆస్పత్రి బడుల్లో మానసిక చికిత్స కోసం చేరిన కౌమార వయసు పిల్లలు కూడా ఉంటారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన పిల్లకు రోమియో జూలియట్ పాఠం చెప్పడం క్షేమమా? ఇక్కడ నేను సాహిత్యం పేరు చెప్పి మొండికేయను. చికిత్స చేస్తున్న బృందాన్ని అడగకుండా ఆ నాటకం తెరవకూడదు, వాళ్లు వద్దంటే వద్దు. కానీ ఈ అభ్యంతరం ఒక పుస్తకానికి వర్తిస్తుంది, సాహిత్యానికంతటికీ వర్తించదు. ప్రధానమైన పరీక్ష బోర్డుల్లో ఒకటైన ఏక్యూఏ జాబితాలో మాక్‌బెత్, టెంపెస్ట్, మర్చెంట్ ఆఫ్ వెనిస్, మచ్ అడో అబౌట్ నథింగ్, జూలియస్ సీజర్ కూడా ఉన్నాయి. మార్చుకోవడానికి వీలుంది. మాక్‌బెత్‌లో కూడా పిచ్చి ఉంది, చావు ఉంది అంటారేమో. ఉన్నాయి. అయితే అందులో నిద్రలో నడిచే రాణిని చూడటానికి వచ్చిన ఒక డాక్టరు కూడా ఉన్నాడు. ఈ జబ్బు తన విద్యకు అందేది కాదని ఆయన ఒప్పుకుంటాడు. భార్య మనసును బాగుచేయమని మాక్‌బెత్ అడిగితే, అందులో రోగే తనకు తాను సాయపడాలని బదులిస్తాడు. రోజూ డాక్టర్లను చూసే పిల్ల ఆ కొద్ది వాక్యాల మీద ఎంతసేపైనా మాట్లాడగలదు. ఆయన నిజాయితీపరుడా, చేతులెత్తేసినవాడా? ఇంత మంచి చర్చను భయం పేరుతో ముందే మూసేయడం న్యాయం కాదు. జాగ్రత్త అంటే పుస్తకాన్ని పిల్లను బట్టి ఎంచుకోవడం. అలమరా మొత్తానికి తాళం వేయడం జాగ్రత్త అనిపించుకోదు.

పరీక్ష విషయంలో మాత్రం తప్పు టీచరుది కాదు, వ్యవస్థది. 2015లో మొదలై 2017లో తొలిసారి పరీక్ష జరిగిన కొత్త జీసీఎస్‌ఈ ఆంగ్ల సాహిత్యంలో ఒక షేక్స్‌పియర్ నాటకం, ఒక పందొమ్మిదో శతాబ్దపు నవల, 1914 తర్వాతి బ్రిటిష్ కథ లేదా నాటకం, 1789 నుంచి ఇప్పటివరకు వచ్చిన కవిత్వం చదవాలి. ఏడాది పొడవునా చేసిన పనికి మార్కులు వేసే పద్ధతి పోయింది. మొత్తం గ్రేడు చివరి పరీక్షల మీదే ఆధారపడింది. పరీక్ష గదిలోకి పుస్తకం తీసుకెళ్లకూడదు, ఉదాహరించాలంటే గుర్తుండాలి. మందుల వల్ల జ్ఞాపకశక్తి మందగించిన పిల్లకు ఇది ఎంత బరువో చెప్పనక్కరలేదు. అదనపు సమయం, మధ్యలో విరామం, రాసిపెట్టే సహాయకుడు, ఆస్పత్రిలోనే పరీక్ష రాసే వీలు ఉన్నాయి. అవి మంచివే, కానీ సమస్య సమయం ఒక్కటే కాదు. పైగా ఒకే వార్డులో ఉన్న నలుగురు పిల్లలు నాలుగు ఊళ్ల బడుల నుంచి, వేర్వేరు బోర్డుల నుంచి వచ్చివుంటారు. ఒకరికి మాక్‌బెత్, ఇంకొకరికి రోమియో. ఇలాంటి పిల్లలకు పరీక్షలో సడలింపు ఇవ్వడం కుదరదు, ప్రమాణం పడిపోతుంది అనేవాళ్లకు ఒక్క జ్ఞాపకం చాలు. కొవిడ్ కాలంలో దేశంలోని పిల్లలంతా హఠాత్తుగా ఇంటికి కట్టుబడిపోయినప్పుడు 2020, 2021లో పరీక్షలే రద్దు చేసి టీచర్ల అంచనాతో గ్రేడులిచ్చారు. 2022లో ఆంగ్ల సాహిత్యంలో కొన్ని భాగాలు ఎంచుకుని రాసే వీలు కల్పించారు. అందరికీ కష్టం వచ్చినప్పుడు చేయగలిగింది కొందరికే కష్టం వచ్చినప్పుడు ఎందుకు చేయలేరు? దీర్ఘకాలం ఆస్పత్రిలో ఉన్న విద్యార్థులకు రెండు పుస్తకాలు తగ్గించి, టీచరు పర్యవేక్షణలో చేసిన పనికి కొంత గ్రేడు ఇస్తే పట్టాకు మచ్చ పడదు.

పరీక్ష దాకా రాని పిల్లల మాట కూడా మాట్లాడాలి. కొందరు పిల్లలు కోలుకోరు. వాళ్లకు పాఠం దేనికి? విద్య అంటే భవిష్యత్తుకు పెట్టుబడి అని నమ్మినంతకాలం ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ఉద్యోగానికో, పై చదువుకో ఉపయోగపడితేనే పాఠానికి విలువ అన్నప్పుడు ఆ పిల్ల ముందు గణితం, విజ్ఞానం, సాహిత్యం అన్నీ ఒకేలా ఓడిపోతాయి. కానీ ఒక నవలలో తర్వాత ఏం జరుగుతుందో తెలుసుకోవాలన్న కోరికకు భవిష్యత్తుతో పనిలేదు, అది ఇప్పటి కోరిక. ఆ కోరిక ఉన్న పిల్ల ఆ క్షణంలో రోగి కాదు, పాఠకురాలు. డికెన్స్ అవర్ మ్యూచువల్ ఫ్రెండ్‌లో జానీ అనే చిన్నవాడు పిల్లల ఆస్పత్రిలో చనిపోతాడు. చనిపోయేముందు తన బొమ్మలు పక్క మంచం పిల్లవాడికి ఇవ్వమంటాడు. చివరి గంటల్లో కూడా ఇవ్వడానికి, తేల్చుకోవడానికి వాడి దగ్గర ఏదో ఉందని రచయిత చూశాడు. వాడికి నోరే ఇవ్వకుండా వదిలేయలేదు. పాఠం ఆపాలా, సాగించాలా అని పెద్దలు తమలో తాము నిర్ణయించేసుకోకుండా పిల్లను అడగాలని నేననేది అందుకే. అడిగితే సాగించమనే పిల్లలుంటారు, వద్దనే పిల్లలుంటారు. ఇద్దరి మాటా చెల్లాలి.

మన దగ్గరికి వద్దాం. 2009 నాటి విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ తీవ్ర వైకల్యమున్న పిల్లలకు ఇంటివద్ద చదువుకునే హక్కు ఇచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో తలసీమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ వ్యాధి ఉన్నాయి. ఇన్ని రోజులు ఆస్పత్రిలో ఉంటే ఫలానా అధికారి చదువు ఏర్పాటు చేయాలి అని చెప్పే మాట మాత్రం వాటిలో దొరకదు. ఆ అవసరం ఎవరికి అంటారా? రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాల్సిన తలసీమియా పిల్లలకు ఏటా ఎన్ని బడిరోజులు పోతాయో లెక్క వేసుకోండి. రక్త క్యాన్సర్ చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి, విశాఖకు వచ్చి నెలల తరబడి ఉండిపోయే కుటుంబాలున్నాయి. పాడేరు, భద్రాచలం ఏజెన్సీల్లో సికిల్ సెల్ నొప్పులతో మాటిమాటికీ ఆస్పత్రిలో చేరే పిల్లలున్నారు. వార్డుల్లో రంగుల పెన్సిళ్లు, బొమ్మలు పంచే స్వచ్ఛంద సంస్థలు మంచి పనే చేస్తున్నాయి. కాని పన్నెండేళ్ల పిల్లకు కావాల్సింది కాలక్షేపం ఒక్కటే కాదు.

సాహిత్యం చెప్పడానికి మనకు ఇంగ్లండు దాకా పోనక్కరలేదు. ఆటవెలది పద్యం నాలుగు పాదాలు. వేమన పద్యం ఒకటి చదివి, ఇది నిజమేనా, నువ్వు ఒప్పుకుంటావా అని అడగడానికి ప్రయోగశాల అక్కరలేదు, నల్లబల్ల అక్కరలేదు. గురజాడ దిద్దుబాటు ఒక సిట్టింగులో వినిపించవచ్చు. ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్లకు తెలుగు ఇంటి భాష కాకపోవచ్చు. ఆ పిల్లను తన అమ్మమ్మ చెప్పిన కథ చెప్పమని అడిగి, దాన్ని తెలుగులో కలిసి రాయడంతోనే పాఠం మొదలుపెట్టవచ్చు. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలు ఇప్పుడు ప్రభుత్వ బడుల్లో కూడా ఎక్కువయ్యారు కనుక స్టీవెన్‌సన్ పద్యమో, డికెన్స్ కథలో ఒక ముక్కో వాళ్లకు కూడా పనికొస్తుంది. మనకు భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నియమించిన రిసోర్సు టీచర్లున్నారు. వాళ్లకు ఇప్పటికే మోయలేనంత పని ఉంది కనుక ఈ పని కూడా వాళ్ల నెత్తిన పెట్టమనను. పిల్లల క్యాన్సర్, రక్త వ్యాధుల చికిత్స జరిగే ప్రతి ప్రభుత్వ ఆస్పత్రికి ఇద్దరేసి టీచర్లను, ఒకరిని భాషలకు, ఒకరిని గణిత విజ్ఞానాలకు, విద్యాశాఖ జీతంతో నియమించాలి. ఆ వార్డు హాజరును పిల్ల సొంత బడి హాజరుగా లెక్కించాలి. డబ్బు లేదనే జవాబు వస్తుందని తెలుసు. ఒక్కో రాష్ట్రంలో అలాంటి ఆస్పత్రులు వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే. వాటికి కావాల్సిన టీచర్లు ఒక మండలంలోని టీచర్ల కంటే తక్కువే అవుతారు. భాషల టీచరును ఎంపిక చేసేటప్పుడు బీఈడీ మార్కులతోపాటు ఇంకొకటి కూడా చూడాలి. ఒక పద్యాన్ని గొంతెత్తి చదివి, ఎదుటి పిల్ల ఏమంటుందో వినేంత ఓపిక ఆ మనిషికి ఉండాలి.